సర్వరు కూలినప్పుడు చదువవలసిన పాఠం

"సర్వరు డౌన్" అనే రెండు ఆంగ్ల పదాలు నేడు ఆంగ్లం రానివారికి కూడా తెలిసినవే. బ్యాంకు కౌంటరు ముందు నిలబడిన వృద్ధుడు, దరఖాస్తు నింపుకోవడానికి పల్లె నుండి నెట్ సెంటరుకు వచ్చిన విద్యార్థిని, ఫీజు గడువు చివరి దినాన వరుసలో ఉన్న తండ్రి, అందరూ ఈ మాట విని నిట్టూర్చి వెనుదిరుగుతారు. వాన రాకపోతే ఎవరిని అడుగుతాం? అదే విధంగా సర్వరు పడిపోతే అడగవలసినది ఏమీ లేదని మనలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఈ నమ్మకం సరియైనది కాదు. సర్వరు కూలడానికి కారణం ఉంటుంది. ఆ కారణం చాలా సందర్భాలలో అక్షరాలలో రాసి ఉంటుంది. దానిని చదివి తెలుసుకోవచ్చు. ఆ చదువును మన కళాశాలలో నేర్పవలసి ఉన్నదని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భాషాసాహిత్యాలు బోధించే మాకు యంత్రాల గొడవ ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. సర్వరు నడిచేది ఎవరో రాసిన వాక్యాల ఆధారంగా. అది కూలేటప్పుడు కూడా తన బాధను వాక్యాలలోనే రాసి కూలుతుంది. రాయడం, చదవడం, చదివిన దానిని అర్థం చేసుకోవడం మా వృత్తి. కావున ఈ విషయంలో మాకూ ఒక మాట చెప్పే అధికారం కలదని భావిస్తున్నాం.

ముందుగా విషయ పరిచయం. సర్వరు అంటే అడిగినవారికి అడిగిన పుటను అందించడానికి రాత్రింబవళ్లు మేలుకొని ఉండే కంప్యూటరు, అందులో నిరంతరం నడిచే ప్రోగ్రాము. 1995లో వెలువడిన అపాచీ, 2004లో రష్యా దేశీయుడైన ఈగోర్ సిసోయెవ్ లోకానికి అందించిన ఇంజిన్‌ఎక్స్ ఈ పనిలో ప్రసిద్ధి పొందినవి. రెండూ ఉచితంగా లభిస్తాయి. ఏ ఫైలు ఎక్కడ ఉన్నది, ఏ ద్వారం వద్ద కాచుకొని ఉండాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి మొదలైన ఆజ్ఞలన్నీ ఒక ఫైలులో రాసి ఉంటాయి. దానినే కాన్ఫిగరేషన్ అంటారు. ఆ ఫైలును మార్చి, సర్వరును ఆపకుండానే కొత్త ఆజ్ఞలను చదువుకొమ్మని చెప్పడం రీలోడు. పూర్తిగా ఆపి తిరిగి మొదలుపెట్టడం రీస్టార్టు. దుకాణం మూసి తెరవడం రీస్టార్టు అయితే, బేరం సాగుతుండగానే గల్లాపెట్టె దగ్గర మనిషిని మార్చడం రీలోడు. పాత మనిషి తన చేతిలోని బేరం ముగించుకొని లేస్తాడు. కొత్త మనిషి కొత్త గిరాకిని చూస్తాడు. కొత్త ఆజ్ఞలలో తప్పు కనిపిస్తే ఇంజిన్‌ఎక్స్ వాటిని తిరస్కరించి, పాతవాటితోనే పని సాగిస్తుంది కూడా. ఇంత ఏర్పాటు ఉన్నప్పటికీ రీలోడు చేసిన మరుక్షణంలో సర్వరు కూలిపోయే సందర్భాలు కలవు. ఇది ఎందువలన జరుగుతుంది?

దీనికి మన శాస్త్రాలలోనే ఒక సమాధానం ఉన్నది. పదాల సమూహం వాక్యం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు ఉండాలని మన పూర్వులు చెప్పారు. "ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు" అంటే వాక్యం కాదు. పదాలకు పరస్పరం ఆకాంక్ష లేదు. "నిప్పుతో తడుపుచున్నాడు" అంటే ఆకాంక్ష ఉన్నది, సన్నిధి ఉన్నది, వ్యాకరణ దోషం లేదు. అయినా నిప్పుకు తడిపే యోగ్యత లేదు గనుక ఆ వాక్యం అర్థవంతం కాదు. సర్వరు సెట్టింగులను పరీక్షించే ఆదేశాలు ఉన్నాయి. అపాచీలో దానిని కాన్ఫిగ్‌టెస్ట్ అంటారు. ఇంజిన్‌ఎక్స్‌లో చిన్న గీత పెట్టి "టి" అనే అక్షరం చేర్చితే చాలు. ఈ పరీక్షలు అక్షర దోషాలను, వాక్య నిర్మాణాన్ని చూస్తాయి. ఇంజిన్‌ఎక్స్ అయితే పేర్కొన్న ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూస్తుంది. యోగ్యతను మాత్రం పూర్తిగా చూడలేవు. వ్యాకరణం ఒప్పుకున్న ఆజ్ఞ ఆచరణలో సర్వరును కూల్చవచ్చు. "పరీక్షలో నెగ్గింది గదా, ఇక భయం లేదు" అనుకోవడం ఇక్కడే పొరపాటు అవుతుంది. పరీక్షలో నెగ్గడానికి, పనిలో నిలవడానికి గల తేడా మన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇది చిన్న సర్వరుల బాధ మాత్రమే కాదు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో సుమారు ఐదవ వంతు తన ద్వారా నడుస్తున్నవని చెప్పుకునే క్లౌడ్‌ఫ్లేర్ అనే అమెరికా సంస్థ 2025 నవంబరు 18న ఇదే విధంగా కూలింది. మన గడియారం ప్రకారం సాయంత్రం 5 గంటలకు కాస్త ముందు మొదలైన ఆ సంక్షోభంలో ఎక్స్, చాట్‌జీపీటీ మొదలైన పెద్ద వెబ్‌సైట్లు కూడా తెరుచుకోలేదు. రాత్రి 8 గంటలకు గాని ప్రధాన రాకపోకలు కుదుటపడలేదు. పూర్తిగా బాగుపడేసరికి రాత్రి పదిన్నర దాటింది.

కారణం చూడండి. వెబ్‌సైట్లకు వచ్చేది మనిషో, యంత్రమో గుర్తించడానికి ఆ సంస్థ సర్వరులు ఒక లక్షణాల ఫైలును ఐదేసి నిమిషాలకు ఒకసారి కొత్తగా చదువుకుంటాయి. ఆ నాడు ఒక డేటాబేసులో అనుమతులను మార్చారు. ఆ మార్పు దానికదిగా తప్పు కాదు. కాని దాని ఫలితంగా ఫైలులోని వరుసలు రెట్టింపై, ఫైలు ఉబ్బిపోయింది. దానిని చదివే ప్రోగ్రాములో 200 లక్షణాలకు మించి చదవరాదనే హద్దు ఉన్నది. సాధారణంగా వాడుకలో ఉండేవి సుమారు 60. హద్దు దాటితే మర్యాదగా తిరస్కరించి పాత ఫైలుతో సాగిపోవలసిన ప్రోగ్రాము, అట్లా చేయక తానే కూలిపోయింది. ప్రపంచమంతటా ఉన్న సర్వరులు కొద్ది నిమిషాలలో ఆ ఫైలును అందుకున్నాయి.

దోషం వెదికిన తీరు ఇంకా ఆలోచింపదగినది. డేటాబేసులో కొన్ని భాగాలకు మాత్రమే ఆ మార్పు చేరినందున, ఐదు నిమిషాలకు ఒకసారి కొన్నిసార్లు మంచి ఫైలు, కొన్నిసార్లు చెడ్డ ఫైలు తయారయ్యేది. సర్వరులు లేచేవి, మళ్లీ పడేవి. ఇది చూసి అక్కడి నిపుణులు మొదట శత్రువులెవరో దాడి చేస్తున్నారని అనుమానించారు. వేరొక చోట నడిచే వారి సమాచార పుట కూడా యాదృచ్ఛికంగా అదే సమయంలో పనిచేయకపోవడంతో ఆ అనుమానం బలపడింది. అసలు కారణం ఇంట్లోనే ఉన్నది. చివరకు చేసినది ఏమిటి? చెడ్డ ఫైలు వ్యాప్తిని ఆపి, అంతకు ముందున్న మంచి ఫైలును తెచ్చి పెట్టి, ప్రోగ్రామును తిరిగి నడిపించారు. పాత ఫైలు భద్రంగా ఉన్నది గనుక దారి దొరికింది. ఆ సంస్థ జరిగినదంతా అదే దినాన వివరంగా రాసి లోకానికి ప్రకటించడం మెచ్చుకోదగిన సంగతి.

దూరదేశపు కథ అనుకునేవారికి మన శంషాబాదు విమానాశ్రయాన్ని గుర్తు చేస్తాం. 2024 జూలై 19 శుక్రవారం నాడు అక్కడ ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగు పాసులు ఇచ్చారు. ఆ చీటీల బొమ్మలు పత్రికలలో అందరం చూశాం. ఆ ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన ప్రోగ్రాముకు ఒక కొత్త కాన్ఫిగరేషన్ ఫైలును పంపింది. ప్రోగ్రాము 20 విలువలు ఇస్తుంటే, కొత్త ఫైలు 21వ విలువను అడిగింది. లేనిదానిని చదవబోయి కంప్యూటర్లు కూలాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అట్లా కూలినవి 85 లక్షలు. 78 నిమిషాలలోనే ఆ ఫైలును వెనక్కు తీసుకున్నా, అప్పటికే పడిపోయిన యంత్రాలను ఒక్కొక్కటిగా లేపవలసి వచ్చింది. ఆ ఫైలును పంపే ముందు పరీక్షించారు. కాని పరీక్షించే ప్రోగ్రాము కూడా 21 విలువలు ఉన్నాయనే అనుకున్నది. కొలిచే తూనికరాయే తప్పు అయినప్పుడు తూకం సరిపోయిందన్న మాటకు విలువ ఏమున్నది?

ఈ రెండు సంఘటనలూ చెప్పే సంగతి ఒక్కటే. రీలోడు చేసిన క్షణంలో దోషం పుట్టలేదు. దోషం అంతకు ముందే లోపల ఉన్నది. రీలోడు దానిని బయటపెట్టింది. ఇది గ్రహించినవారికి వెదకవలసిన చోటు తెలుస్తుంది.

ఇక మన స్థాయికి వద్దాం. ఒక విద్యార్థి చిన్న సర్వరు నడుపుతున్నాడని, సెట్టింగులు మార్చి రీలోడు చేయగానే అది కూలిందని అనుకుందాం. మొదటి పని, చేతిని రీస్టార్టు మీదికి పోనీయకుండా ఆపుకోవడం. రెండవది, సర్వరు దోషాలను రాసుకునే లాగ్ ఫైలును తెరచి చివరి పంక్తులను చదవడం. అందులో ఫలానా ఫైలు ఫలానా పంక్తి అని ఉంటే అది వ్యాకరణ దోషం, దిద్దడం సులభం. "సెగ్మెంటేషన్ ఫాల్ట్, 11" అని ఉంటే ప్రోగ్రాము తనది కాని స్మృతి స్థలంలో అడుగుపెట్టిందని అర్థం. ఇది సెట్టింగుల ఫైలులోని అక్షరాలను దిద్దినంత మాత్రాన తీరేది కాకపోవచ్చు.

మూడవ పని అన్నిటికంటె ముఖ్యమైనది. పాత సెట్టింగులను యథాతథంగా తెచ్చి పెట్టి, సర్వరును లేపి, ఏ మార్పూ చేయకుండా మళ్లీ రీలోడు చేయాలి. ఇప్పుడు కూలకపోతే నేరం కొత్త సెట్టింగులది. ఇప్పుడు కూడా కూలితే సెట్టింగులు నిరపరాధులు. నేరం రీలోడు అనే క్రియలోనే ఉన్నది. ఈ ఒక్క పరీక్షతో వెదకవలసిన క్షేత్రం సగానికి సగం తగ్గిపోతుంది. సర్వరుకు జత చేసిన ఏదో ఒక మాడ్యూలు, రీలోడు సమయంలో దిగి ఎక్కేటప్పుడు తన పాత చిరునామాలను వదులుకోలేక కూల్చి ఉండవచ్చు. అప్పుడు మాడ్యూళ్లను ఒకటొకటిగా తొలగించి రీలోడు చేస్తూ పోవాలి. కొన్ని సర్వరులు ఎవరూ ముట్టుకోకుండానే అర్ధరాత్రో, తెల్లవారుజామునో కూలుతుంటాయి. పరిశీలిస్తే, పెరిగిపోయిన లాగ్ ఫైళ్లను మడిచిపెట్టి కొత్తవి తెరిచే ఏర్పాటు ఆ వేళకు సర్వరును తనంత తానే రీలోడు చేస్తున్నట్లు తేలుతుంది. మరొక కారణం కూడా కలదు. రీలోడు సమయంలో పాత పనివారు, కొత్త పనివారు కొంతసేపు కలిసి ఉంటారు. చిన్న యంత్రంలో ఇద్దరికీ చాలినంత స్మృతి లేకపోతే, ఆపరేటింగు సిస్టమే ఎవరో ఒకరిని చంపివేస్తుంది. ఆ సంగతి సర్వరు లాగ్‌లో కనిపించకపోవచ్చు. సిస్టమ్ లాగ్‌లో చూడాలి.

ఇందులో అసాధారణమైన ప్రతిభ ఏదీ అవసరం లేదు. ఓపిక, చదివే అలవాటు, ఒకసారికి ఒక్కటే మార్చి చూసే క్రమశిక్షణ కావాలి. కాని మనం చేస్తున్నదేమి? ఆపి మళ్లీ మొదలుపెడతాం. లేచిందా, సంతోషం. తలగడ మార్చినంత మాత్రాన తలనొప్పి పోదు. రీస్టార్టుతో సర్వరు లేచిందే గాని, అది ఎందుకు పడిందో చెప్పే సాక్ష్యాలలో కొన్ని అప్పుడే చెరిగిపోతాయి. దోషం లోపలే ఉంటుంది. అది మళ్లీ ఏనాడు బయటపడుతుంది? గిరాకీ ఎక్కువైన నాడు, మార్పులు తొందరలో చేసిన నాడు, అంటే సరిగ్గా ప్రవేశాల గడువు, ఫలితాల దినం, ఫీజు ఆఖరు తేదీ నాడు బయటపడుతుంది. ఆ నాడు నష్టపోయేది సర్వరు నడిపేవారు కాదు. కూలి మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులు, వారి పిల్లలు. మన కళాశాలలో చదివే వారిలో ఎక్కువమంది అట్టి ఇళ్ల నుండి వచ్చినవారే.

పాతదానిని భద్రపరచడం, జరిగినదానిని రాసిపెట్టడం మన ప్రాంతానికి కొత్త విద్యలు కావు. తెలంగాణలో భూమి తగాదా వస్తే నేటికీ 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కోసం వెదుకుతారు. తరువాత ఎన్ని లెక్కలు మారినా, ఎన్ని పుస్తకాలు కంప్యూటర్లకు ఎక్కినా, నమ్మదగిన పాత ప్రతి ఒకటి ఉండాలనే వివేకం మన రైతుకు ఉన్నది. ఏ దినాన ఏమి జరిగిందో ఆ దినానే రాసే రోజ్‌నామచా అనే మాట ఉర్దూ నుండి వచ్చింది; దస్తావేజు, దాఖలా కూడా ఆ వైపు నుండి వచ్చినవే. నేటి ఇంజనీర్లు లాగ్ అనేది ఈ రోజ్‌నామచానే, బ్యాకప్ అనేది ఈ పాత ప్రతినే. ఉర్దూ, తెలుగు రెండు భాషలూ ఒకే ప్రాంగణంలో వినిపించే మన కళాశాలకు ఈ విద్య పరాయిది ఎట్లా అవుతుంది?

దీనికి కొందరు ఆక్షేపణ చెప్పవచ్చు. ప్రతి మార్పునూ ఇంతగా పరీక్షిస్తూ కూర్చుంటే పనులు సాగవని, కొన్ని మార్పులు ఆలస్యం చేస్తేనే ప్రమాదమని అంటారు. ఇది నిజమే. 2025 డిసెంబరు 5న క్లౌడ్‌ఫ్లేర్ మరల సుమారు 25 నిమిషాల సేపు దెబ్బతిన్నది. కొత్తగా బయటపడిన ఒక భద్రతా లోపం నుండి వెబ్‌సైట్లను కాపాడడానికి తొందరగా చేసిన మార్పే అప్పుడు కారణం. తొందర తప్పని సమయాలు ఉంటాయి. మేము చెప్పేది మార్పు వద్దని కాదు. మార్పును ముందు కొద్ది యంత్రాలలో చూడాలి. వెనక్కు వచ్చే దారి తెరచి ఉంచుకొని ముందుకు పోవాలి. తొందర ఉన్నప్పుడే ఈ దారి మరింత అవసరం.

కృత్రిమ మేధను అడిగితే కారణం చెప్పదా అని విద్యార్థులు అడుగుతారు. చెప్పవచ్చు. కాని లాగ్‌లో ఏ పంక్తి ముఖ్యమో తెలియనివారు ఏమి అడుగుతారు? వచ్చిన సమాధానం తప్పో ఒప్పో ఎట్లా తెలుసుకుంటారు? చదవడం రానివానికి ఉత్తరం చదివి పెట్టేవాడు ఏమి చెబితే అదే సత్యం. పాత కాలంలో మన పెద్దలు ఆ స్థితిలో ఎంత నష్టపోయారో మరువరాదు.

మన సిద్దిపేటకు 2023లో ఐటీ టవరు వచ్చింది. భవనం సంతోషించదగినదే. అట్టి భవనాలలో కూర్చొని పని చేయగల యువతీయువకులు మన తరగతి గదుల నుండి పోవాలంటే, మార్కుల జాబితాతో పాటు వారి చేతిలో అనుభవం కూడా ఉండాలి. సర్వరు నిర్వచనాన్ని ఐదు మార్కులకు రాయగలవారు మనకు ఎందరో ఉన్నారు. కూలిన సర్వరు ముందు కూర్చొని భయపడకుండా మొదటి పంక్తి చదవగలవారు కావాలి.

కావున కళాశాల కమిటీవారికి మూడు మనవులు చేస్తున్నాం. మొదటిది, ప్రయోగశాలలో పక్కన పెట్టిన పాత కంప్యూటరు ఒకటి విద్యార్థులకు వదిలిపెట్టండి. అందులో లినక్సు, అపాచీ, ఇంజిన్‌ఎక్స్ పెట్టుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. దానిని చెడగొట్టడానికి వారికి అనుమతి ఇవ్వండి. చెడగొట్టినందుకు జరిమానా ఉండరాదు. చెడగొట్టి బాగుచేయనిదే ఈ విద్య రాదు. రెండవది, ఆ యంత్రం పక్కన ఒక రోజ్‌నామచా పుస్తకం ఉంచండి. ఏమి కనిపించింది, చివరగా ఏమి మార్చాము, లాగ్‌లో ఏమి చదివాము, ఏ పరీక్ష చేశాము, ఏమి తేలింది, ఈ ఐదు సంగతులను తెలుగులో గాని ఉర్దూలో గాని విద్యార్థులు రాయాలి. అంతర్గత మార్కులలో దీనికి చోటు ఇవ్వవచ్చు. ఆ పుస్తకాన్ని దిద్దే పని మా తెలుగు శాఖ సంతోషంగా స్వీకరిస్తుంది. ఉర్దూ శాఖవారు కూడా కాదనరని మా నమ్మకం. మూడవది, కళాశాల వెబ్‌సైటులో ఏ మార్పు చేసినా ముందుగా ఆ ప్రయోగ యంత్రంలో చేసి చూడాలని, పాత ప్రతిని భద్రపరచాలని, ప్రవేశాల వారంలో గాని ఫీజు గడువు వారంలో గాని అత్యవసరం కాని మార్పులు చేయరాదని ఒక నియమం పెట్టండి.

విద్యార్థులకు ఒక్క మాట. లాగ్‌లోని ఆ ఆంగ్ల పంక్తులను చూసి జంకవద్దు. అందులో వాడే పదాలు కొద్ది, మళ్లీ మళ్లీ వచ్చేవే. మనుచరిత్రలోని ఒక సీస పద్యానికి ప్రతిపదార్థం రాయగలిగినవారు, గాలిబు గజలులోని ఒక షేర్‌ను విడమరచి చెప్పగలిగినవారు, ఆ పది పంక్తులను చదవలేరంటే మేము నమ్మం. ఈ వేసవి సెలవులకు ముందే ఆ పాత కంప్యూటరు చుట్టూ నలుగురు కూర్చుంటే, వచ్చే సంవత్సరపు సంచికలో ఆ రోజ్‌నామచా నుండి కొన్ని పుటలు అచ్చు వేసుకోవచ్చును.